2450 ± 30 బీపీ అంటూనే పక్కన క్రీ.పూ. 750–410 అని రాశారు, ఏంటీ లెక్క?

చరిత్రపిచ్చి:
ఒక తవ్వకాల నివేదిక చదువుతున్నా. బొగ్గు ముక్కకి రేడియోకార్బన్ టెస్ట్ చేయిస్తే 2450 ± 30 బీపీ వచ్చిందట. బీపీ (బిఫోర్ ప్రెజెంట్) లెక్క 1950 నుంచి వెనక్కి అని తెలుసు కాబట్టి తీసేసి చూస్తే క్రీ.పూ. 500 దగ్గర తేలింది, అటూ ఇటూ ముప్పై ఏళ్లు, బాగానే ఉంది అనుకున్నా. తీరా పక్క కాలమ్‌లో క్రీ.పూ. 750–410 అని ఉంది! ముప్పై కాస్తా మూడొందల నలభై ఎలా అయింది? ల్యాబ్ వాళ్లు సరిగ్గా చేయలేదా, లేక ఈ పద్ధతే ఇంతేనా?

అర్ధాయువు:
ల్యాబ్ వాళ్లని ఏమీ అనకండి, ±30 అంటే చాలా చక్కటి కొలత. కానీ ఆ 2450 అసలు తేదీ కాదు, శాంపిల్‌లో కార్బన్-14 (కాలంతో పాటు తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్) ఎంత మిగిలిందో చెప్పే అంకె. గాలిలో కార్బన్-14 పాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉన్నాయని, సగం తరగడానికి 5568 ఏళ్లు పడుతుందని అనుకుని వేసిన లెక్క అది. 1949లో ఈ పద్ధతిని నిరూపించిన విల్లార్డ్ లిబీ కాలం నాటి విలువ. ఇప్పుడు 5730 అని తెలిసినా, పాత ఫలితాలతో గందరగోళం రాకూడదని ల్యాబులన్నీ ఇంకా 5568తోనే బీపీ అంకె ఇస్తాయి.

అసలు చిక్కు గాలితోనే. కాస్మిక్ కిరణాల వల్ల పై వాతావరణంలో పుట్టే న్యూట్రాన్లు నైట్రోజన్‌ని తాకితే కార్బన్-14 తయారవుతుంది. సూర్యుడి తీరు మారినా, భూమి అయస్కాంత క్షేత్రం మారినా ఆ ఉత్పత్తి పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే ఏ సంవత్సరానిదో కచ్చితంగా తెలిసిన చెట్టు వలయాలని కొలిచి, బీపీ అంకెని అసలు ఏళ్లలోకి మార్చే కర్వ్ గీశారు. ఉత్తరార్ధగోళానికి ఇప్పుడు వాడేది ఇంట్‌కాల్20. మీ శాంపిల్ దురదృష్టం ఏంటంటే, సరిగ్గా క్రీ.పూ. 800–400 మధ్య ఆ కర్వ్ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, దాన్నే హాల్‌స్టాట్ ప్లాటూ అంటారు. క్రీ.పూ. 720లో చచ్చిన చెట్టుని, 450లో చచ్చిన చెట్టుని తీసుకోండి. మొదటిది బతికినప్పుడు గాలిలో కార్బన్-14 కాస్త ఎక్కువ, కానీ అది తరగడం మొదలై 270 ఏళ్లు ఎక్కువైంది, అంటే మూడు శాతం పైచిలుకు అదనంగా పోయింది. రెండోది తక్కువతోనే మొదలైంది. ఇవాళ కొలిస్తే రెంటికీ ఇంచుమించు ఒకటే అంకె. యంత్రం ఎంత మంచిదైనా ఏం చేస్తుంది చెప్పండి?

మట్టిపొర:
కర్వ్ సంగతి సరే, ముందు ఆ బొగ్గు ఏ చెట్టుది, చెట్టులో ఏ భాగందో రాశారేమో చూడండి. చాలా నివేదికల్లో 'బొగ్గు' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. చెట్టు బతికే ఉన్నా లోపలి వలయం ఏర్పడిన ఏటితోనే దానికి గాలితో సంబంధం తెగిపోతుంది. మూడొందల ఏళ్ల చెట్టు నడిమి చేవని పొయ్యిలో పెడితే, టెస్ట్ పొయ్యి వయసు చెప్పదు, చేవ వయసు చెబుతుంది. అందుకే కాలిన ధాన్యపు గింజ దొరికితే దాన్నే పంపాలి, అది ఒక్క ఏడాది పంట.

ఇదివరకు గింజ సరిపోయేది కాదు. ఒక గ్రాము కొత్త కార్బన్‌లో నిమిషానికి 14 దాకా పరమాణువులే విచ్ఛిన్నమవుతాయి, వాటిని లెక్కపెడుతూ కూర్చోవాలంటే గ్రాముల కొద్దీ సరుకు కావాలి. అదే గ్రాములో కార్బన్-14 పరమాణువులు మాత్రం దాదాపు 6 వేల కోట్లు ఉంటాయి. 1977 తర్వాత వచ్చిన ఏఎంఎస్ (యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ) పద్ధతి విచ్ఛిన్నమయ్యే దాకా ఆగకుండా నేరుగా పరమాణువులనే లెక్కిస్తుంది, మిల్లీగ్రాము చాలు.

చరిత్రపిచ్చి:
అర్ధాయువు గారూ, మట్టిపొర గారూ, థాంక్స్. 'బొగ్గు' అనే ఉంది, చెట్టు పేరు లేదు. మరి ఆ ప్లాటూలో పడితే ఇక దారి లేనట్టేనా? ఇంకోటి, మావాడు డైనోసార్ ఎముకకి ఈ టెస్ట్ చేశారని వీడియో పంపాడు, అది నిజమేనా?

అర్ధాయువు:
డైనోసార్ సంగతి ముందు తేల్చేస్తా. ఈ పద్ధతి 50 వేల ఏళ్ల దగ్గర చేతులెత్తేస్తుంది, డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లు. కార్బన్-14 బొత్తిగా లేని వస్తువులో ఒక్క శాతం కొత్త కార్బన్ కలిసినా 37 వేల ఏళ్లని అంకె వచ్చేస్తుంది, అలాంటి వీడియోల్లో చూపించేది అదే.

ప్లాటూకి దారి ఉంది, కానీ చిన్న బొగ్గు ముక్కతో కాదు. వలయాలున్న దుంగ కావాలి. పదేసి వలయాలకి ఒకటి చొప్పున కొలిస్తే, వాటి మధ్య ఎన్నేళ్లో ముందే తెలుసు కాబట్టి ఆ హెచ్చుతగ్గుల వరసని కర్వ్ మీద జరుపుతూ సరిపోయే చోటు పట్టుకోవచ్చు. ఇంకా అదృష్టం ఉంటే ఏడాదే దొరుకుతుంది. క్రీ.శ. 993లో కార్బన్-14 ఉన్నట్టుండి పెరిగింది. కెనడాలోని లాన్స్ ఓ మెడోస్ దగ్గర వైకింగులు నరికిన కలపలో ఆ వలయం పట్టుకుని, అక్కడి నుంచి బెరడు దాకా 28 వలయాలు లెక్కపెట్టి 1021 అని తేల్చేశారు. క్రీ.పూ. 660 ప్రాంతంలోనూ అలాంటి పెరుగుదల ఒకటుంది, అంటే మీ ప్లాటూ మధ్యలోనే.

మట్టిపొర:
దుంగ లేకపోతే పై పొరలోంచి, కింది పొరలోంచి గింజలు పంపారేమో చూడండి. పొరల వరస చెదరలేదని నమ్మకముంటే, అన్ని తేదీలనీ కలిపి బేసియన్ లెక్క (కింది పొర ముందుది అన్న సంగతినీ కలుపుకుని సంభావ్యత చూసే గణితం) వేస్తే ఆ 340 ఏళ్లు బాగానే కుదించుకుపోవచ్చు. ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదంటే మాత్రం మీరు రాసేటప్పుడు క్రీ.పూ. 750–410 అనే రాయండి, మధ్యలో ఏదో ఒక ఏడు ఏరుకోకండి.