నాస్ రెండో ఆల్బమ్: రాజీయా, ఎదుగుదలా?

ప్రశ్న: 1994లో తొలి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’తో న్యూయార్క్‌లోని తన పేట క్వీన్స్‌బ్రిడ్జ్ జీవితాన్ని నిక్కచ్చిగా చెప్పిన ర్యాపర్ నాస్, 1996 నాటి ‘ఇట్ వాజ్ రిటెన్’లో ట్రాక్‌మాస్టర్స్ అనే సంగీత నిర్మాతల జోడీ చేత రేడియోకు నప్పే బాణీలు కట్టించుకోవడం కళను అమ్ముకోవడమేనంటారా?

మొదటి జవాబు: నాకు ఆ మార్పు బాధ కలిగించింది. మొదటి ఆల్బమ్ రైలు చప్పుడుతో మొదలవుతుంది. ఆపై సంగీత నిర్మాత డీజే ప్రీమియర్ కట్టిన పియానో వరుస మీద నాస్ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, ఆ వీధిలోనే నిలబడినట్టుంటుంది. రెండోదానిలో మాఫియా దొర వేషం ముందుకొచ్చి ఆ వీధిని కప్పేసింది.

రెండో జవాబు: తొందరపడకండి. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ‘ఇల్మాటిక్’కు అమెరికాలో ప్లాటినం (పది లక్షల ప్రతుల) గుర్తింపు రావడానికి 2001 దాకా పట్టింది, రెండోది అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానం అందుకుంది. ఇల్లు గడవాలి కదా.

మూడో జవాబు: తుపాకీయే తన కథ చెప్పుకునే పాట ఆ రెండో ఆల్బమ్‌లోనిదే, దయచేసి అది మళ్లీ వినండి.