అక్కలు వేదికెక్కి వాక్యం చెప్పొచ్చా?

కృష్ణలంక కుర్రోడు: అందరికీ వందనాలు. మా సంఘంలో ఆడవాళ్లు సాక్ష్యం (దేవుడు తమకు చేసిన మేలు) చెప్పొచ్చు, వాక్యం (బైబిలు ప్రసంగం) చెప్పకూడదు. సాక్ష్యమైనా వేదిక మెట్టు కిందే నిలబడాలి. ఇది బైబిల్లో ఉందా?

పటమట బ్రదర్: 1 తిమోతి 2:12 చూడు తమ్ముడూ. స్త్రీ ఉపదేశించడానికి పౌలు సెలవివ్వలేదు. కారణం 13లో ఉంది, ఆదాము ముందు, తర్వాత హవ్వ. సృష్టి క్రమం అది, తిమోతి ఉన్న ఎఫెసు ఊరి గొడవ కాదు.

బ్రాడీపేట చెల్లి: ఆ పౌలే రోమా 16:1లో ఫీబేను సంఘ పరిచారకురాలన్నాడు. ప్రిస్కిల్ల అపొల్లోకు దేవుని మార్గం విడమరిచి చెప్పింది, అపొ. కార్యములు 18:26. అపొల్లో మగాడేగా?

పటమట బ్రదర్: ఇంట్లో చెప్పింది. పక్కన భర్త ఉన్నాడు. వేదిక మీద కాదు.

బ్రాడీపేట చెల్లి: అప్పుడు వేదికలెక్కడివి అన్నయ్యా? సంఘం కూడేదే ప్రిస్కిల్ల వాళ్లింట్లో. రోమా 16:5.

లూథరన్ తాతయ్య: సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో 2013లోనే నంద్యాలకు స్త్రీ బిషప్ వచ్చారు. మీరింకా మెట్టు దగ్గరే ఉన్నారా?

పటమట బ్రదర్: వాళ్ల పద్ధతి వాళ్లది. స్త్రీపురుషుల బాధ్యతల మీద అమెరికా క్రైస్తవులు రాసిన 1987 నాటి డాన్వర్స్ ప్రకటన చదవండి. విలువలో ఇద్దరూ సమానమే, బాధ్యతలే వేరు.

బ్రాడీపేట చెల్లి: బాధ్యతలా! నాన్నకు పక్షవాతం వస్తే ఆరేళ్లు సంఘాన్ని నడిపింది మా అమ్మ. సమాధి కార్యక్రమాల్లో వాక్యం కూడా తనే. అప్పుడెవరికీ తిమోతి పత్రిక గుర్తు రాలేదు. నాన్న పోయిన నెలకే పెద్దలు 2:12 పట్టుకొచ్చి పాస్టరుగారి ఇల్లు ఖాళీ చేయించారు. కొత్త పాస్టరు ఎవరనుకున్నారు? ఒక పెద్దగారి అల్లుడు.

పటమట బ్రదర్: అది పెద్దల తప్పు. పౌలు మీద కోపమెందుకు? నా సంగతి వినండి. మా ఆవిడ ఫోన్లో ఒక అమ్మగారి ప్రసంగాలు విని సంఘమే మారిపోయింది. ఆదివారం మా ఇంట్లోంచి రెండు బళ్లు రెండు దిక్కులకు పోతాయి. అడిగితే నాకే వాక్యం చెబుతుంది.

బ్రాడీపేట చెల్లి: అయితే మీ బాధ వేదిక గురించి కాదు. ఇంట్లో మాట ఎవరిది చెల్లాలన్నది.

పటమట బ్రదర్: కాదా మరి? భర్త శిరస్సు. ఎఫెసీ 5:23.

బ్రాడీపేట చెల్లి: 21 నుంచి చదవండి. ఒకరికొకరు లోబడమని ఉంది.

కృష్ణలంక కుర్రోడు: నేనడిగింది మెట్టు గురించి. ఈ ఆదివారం మా అక్క సాక్ష్యం ఉంది.

లూథరన్ తాతయ్య: పటమట బాబూ, పిల్లలు ఎవరి బండి ఎక్కుతున్నారు?

పటమట బ్రదర్: వాళ్లమ్మ బండే.