డి అండ్ డిలో సొంత పార్టీ (జట్టు) సొమ్మే కొట్టేసే రోగ్‌ని (దొంగ క్యారెక్టర్‌ని) గేమ్‌లోనే దారికి తేవాలా, పక్కకి పిలిచి చెప్పాలా?

కొబ్బరితోట డీఎం:
నమస్తే అండి అందరికీ. మాది అంబాజీపేట దగ్గర. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లోనే డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలో క్యారెక్టర్ వేసుకుని మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట) ఆడతాం, ఐదో ఎడిషన్, 2014 రూల్సే, డీఎం నేను, అంటే కథ నడిపేదీ తీర్పు చెప్పేదీ నేనే. కోటలూ మంచు కొండలూ మనకెందుకులే అని కథంతా గోదావరి లంకల్లోనే పెట్టా, వరద టైమ్‌లో ఏటిలోంచి ఏదో లేచి ఊళ్ళ మీద పడుతోంది, దాన్ని ఆపాలి.

రోగ్ ఆడేది మా బావగారు, అక్క భర్త. మనిషి మంచోడే, నవ్విస్తాడు, కానీ పక్కవాళ్ళ సంచుల్లో చెయ్యి పెట్టకుండా ఉండలేడు. మొన్న సఖినేటిపల్లి రేవులో రాత్రి పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కారు, వశిష్ఠ గోదావరి పోటు మీదుంది, ఫైటర్ తాడు పట్టుకున్నాడు, క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పే క్యారెక్టర్) లాంతరు పట్టుకున్నాడు, అందరూ అటు చూస్తుంటే ఈయన "క్లెరిక్ సంచిలో హీలింగ్ పోషన్ (గాయం మాన్పే మందు) తీసేస్తున్నా" అన్నాడు. వెయ్యమన్నా. డైస్ 20 పడింది, ఆయన నేర్పుకి ఏడు కలిపితే 27, అవతల క్లెరిక్ పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే గమనించే స్కోరు) 13. పోయింది. అవతలి ఒడ్డున ఫైట్‌లో ఫైటర్ ప్రాణం పాయింట్లు సున్నాకి పడిపోయాయి, క్లెరిక్‌కి స్పెల్ స్లాట్‌లు (మంత్రాల కోటా) అయిపోయాయి, పోషన్ తీసి పోస్తానన్నాడు, సంచిలో లేదు. ఫైటర్ పోయాడు. క్లెరిక్ ఆడేది ఇంటర్ కుర్రాడు, ఏం మాట్లాడకుండా డైస్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు, తర్వాతి వారం ట్యూషన్ అని రాలేదు. బావగారేమో "దొంగ క్యారెక్టర్ ఇచ్చి దొంగతనం చెయ్యొద్దంటే ఎలారా" అంటాడు. ఇంటి అల్లుడు, అమ్మ ఆయన ప్లేట్లో రెండు గారెలు ఎక్కువేస్తుంది, ఆయన్ని నేనెలా అడగను?

తణుకు పాతకాపు:
గేమ్‌లో చేసిందానికి గేమ్‌లోనే కట్టించాలండి. పంటు మీద సరంగు ఉంటాడుగా, వాడు చూశాడని పెట్టండి, రేవు దిగేసరికి ఊరంతా తెలిసిపోతుంది, ఏ కొట్టువాడూ సరుకివ్వడు, ఏ ఇంటివాడూ అరుగు మీద పడుకోనివ్వడు. రెండు సెషన్లకి దారికొస్తాడు. బయట పిలిచి క్లాస్ పీకితే ఆట పోయి పంచాయితీ అవుతుంది. పైగా 20 పడింది, పడ్డాక మీరూ నేనూ ఏం చేస్తాం. ఈ ఆటలో దొంగ ముందునుంచీ దొంగే.

భీమవరం క్లెరిక్:
ముందునుంచీ ఏం కాదండోయ్. 1974లో ఈ ఆట కనిపెట్టిన గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన మొదటి సెట్‌లో ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ అంతే, థీఫ్ (ఇప్పటి రోగ్) క్లాస్ 1975లో గ్రేహాక్ సప్లిమెంట్‌తో వచ్చింది. జేబులు కొట్టడం అప్పుడే ఉంది, కాదనను, కానీ తాళాలు తియ్యడం, ఉచ్చులు పీకడం కూడా ఉంది, అవి పార్టీకి పనికొచ్చేవి.

20 సంగతి కూడా చెప్తా. 2014 రూల్స్‌లో అటాక్‌కీ డెత్ సేవ్‌కీ (సున్నాకి పడ్డాక చావుబతుకుల రోల్) తప్ప స్కిల్ చెక్‌కి (ఇలాంటి నేర్పు రోల్‌కి) 20 పడితే దానంతటదే నెగ్గినట్టు కాదు. సర్లే ఇక్కడ 27 ఎలాగూ చాలు. అసలు పాయింట్ అది కాదు, ప్లేయర్ ఏం చేస్తాడో చెప్తాడు, డైస్ వెయ్యాలో వద్దో డీఎం చెప్తాడు. "వెయ్యమన్నా" అని మీరే రాశారు చూడండి. అక్కడ ఆపి క్లెరిక్ కుర్రాణ్ణి "నీకు ఓకేనా" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ఇక సరంగు చూశాడు, ఊరు పట్టుకుంది, పంచాయితీ పెట్టారు అంటే ఆ సెషన్ ఎవరిదవుతుందండి? మళ్ళీ బావగారిదే. ఆయన ఎటకారంగా రెండు గంటలు వాదిస్తాడు, అందరూ పగలబడి నవ్వుతారు, పోషన్ పోయిన కుర్రాడు మాత్రం గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. దాన్ని శిక్ష అంటామా.

తణుకు పాతకాపు:
ప్రతిదానికీ పర్మిషన్ అడుగుతూ పోతే ఇంక థ్రిల్ ఏముందండి, పక్కవాడు మోసం చెయ్యొచ్చు అన్న భయం ఉంటేనే మజా. మా టేబుల్‌లో ఒకణ్ణి సొంత పార్టీయే కాలవలోకి తోసేసింది, ఇప్పటికీ వాడే చెప్పుకుని నవ్వుతాడు.

రాజోలు రోల్:
నవ్వాడంటే వాడికి ఇష్టమేగా, కుర్రాడు నవ్వలేదు. మా టేబుల్‌లో రూల్ ఒకటే, ఒక ప్లేయర్ ఇంకో ప్లేయర్ మీద ఏం చేసినా ఫలితం చెప్పేది ఎవరి మీద చేశారో వాళ్ళే, డైస్ పడదు. "తీశాడు, నాకు తెలీలేదు" అన్నా ఓకే, "చెయ్యి పట్టుకున్నా" అన్నా ఓకే. ఇది సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలెట్టకముందు కూర్చుని మాట్లాడుకునేప్పుడే, చెప్పెయ్యాలి. ఎవరూ గొడవపడరు, నిజానికి దొంగతనాలు పెరిగాయి కూడా, ఎందుకంటే ఇప్పుడు అవతలివాడు కూడా ఆడుతున్నాడు. కొబ్బరితోట గారూ, బావగారి సంగతి మీ అక్క చెవిన వేస్తే ఒక్క పూటలో తేలిపోతుందిగా.

ఇంకోటి, రోగ్‌కి కథలో పని ఉందా? పని లేకపోతేనే పక్క సంచులు కనపడతాయి.

కొబ్బరితోట డీఎం:
అయ్యో అక్క దాకానా, వద్దండి బాబూ, సంక్రాంతికి కూడా అదే టాపిక్ అవుతుంది.

పని లేదనకండి. కాలవ లాకుల దగ్గర గేటు తాళం, లోపల ఉచ్చు, అన్నీ ఆయన కోసమే పెట్టా, బ్రహ్మాండంగా తీశాడు, తీసి వస్తూ వస్తూ ఫైటర్ ఉంగరం కూడా లేపేశాడు. కాబట్టి ఆ మందు నేను వాడి చూసిందే.

రాజోలు రూల్ మాత్రం నచ్చింది, పెడతా. బావగారికి ఆదివారం మా ఇంట్లో అందరి ముందూ చెప్పను, ఆయన రొయ్యల చెరువు గట్టు మీద సాయంత్రం మేత వేశాక ఖాళీగా ఉంటాడు, అప్పుడు వెళ్ళి చెప్తా. "మీరు దొంగతనం మానండి" అనను, "బావగారూ, కుర్రాడు రావట్లేదు, మీ పోషన్ వల్లే" అంటా, అది ఆయనకి తగులుతుంది.

తణుకు పాతకాపు:
సరే చెప్పుకోండి, కానీ ఆ ఫైటర్‌ని మాత్రం బతికించకండి. పోయింది పోయిందే. అదీ వెనక్కి తిప్పితే రేపు ప్రతి చావుకీ ఫోన్లొస్తాయి.

భీమవరం క్లెరిక్:
ఇక్కడ మాత్రం పాతకాపు గారితో నేనూ ఒప్పుకుంటా, ఫైటర్ ఆడినాయన కొత్త క్యారెక్టర్ వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. కానీ ఇంతమందిమి రోగ్ గురించే కొట్టుకుంటున్నాం, ఆ కుర్రాడికి ఎవరైనా ఫోన్ చేశారా?

కొబ్బరితోట డీఎం:
ఇప్పుడే చేశానండి. ట్యూషన్ లేదంట, ఊరికే అన్నాడంట. ఈ ఆదివారం వస్తానన్నాడు, కొత్త రూల్ చెప్తే "అయితే ఈసారి నేనే ఆయన సంచిలో చెయ్యి పెడతా" అంటున్నాడు. బావగారి పక్కన మాత్రం కూర్చోడంట.

రాజోలు రోల్:
ఆయ్, ఎదురుగా కూర్చోబెట్టండి మరి.