‘ఎక్కించడం’, ‘మార్పిడి’ ఒకటేనా?

గ్రూపులో పెద్దలను ఒక మాట అడగాలి. మేం విశాఖలో ఉంటాం. పోయిన ఏడాది మా మేనల్లుడికి మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి జరిగింది. 12వ రోజుకీ తెల్ల కణాల కౌంట్ లేవలేదు. జ్వరం, ఊపిరితిత్తుల్లో ఫంగస్. మందులకు లొంగకపోతే, దాత దగ్గర తెల్ల కణాలు తీసి ఇద్దామన్నారు డాక్టర్లు. సంతకానికి ఇచ్చిన కాగితంలో ‘తెల్ల రక్తకణాల మార్పిడి’ అని ఉంది. అది చదివి మా అక్క "మళ్లీ మార్పిడేటి? మొదటిది పోయిందా?" అంటూ గోడకి జారబడిపోయింది. నర్సమ్మ వచ్చి "కాదమ్మా, ప్లేట్‌లెట్లు ఎక్కించాం కదా, ఇవీ అలాగే ఎక్కిస్తాం" అన్నాకే తేరుకుంది.

మార్పిడి అంటే ఒకటి పోయి దాని చోటికి ఇంకొకటి రావడం. పంట మార్పిడి, నోట్ల మార్పిడి, కుండమార్పిడి పెళ్లి. మూలకణాలకు ఆ మాట చెల్లుతుంది, కీమోతో ఎముకల్లోని పాత మజ్జను తుడిచేశాకే కొత్తవి ఇస్తారు కాబట్టి. కామెర్లు ముదిరిన పసిబిడ్డకి ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీస్తూ వేరే రక్తం ఇస్తారే, అది అసలైన రక్తమార్పిడి. తెల్ల కణాలిచ్చేటప్పుడు రోగి నుంచి ఏమీ తీయరు. సూదికి దారం ఎక్కించినట్టు, మన పోర్టులో ఓడకి సరుకు ఎక్కించినట్టు, ఎక్కించడమే. ఇంట్లో అందరం అనే మాట కాగితం మీదకి ఎందుకు రాదు?

విజయనగరం మాస్టారు: మూలకణాలనూ సెలైన్‌లా నరంలోకే ఎక్కిస్తారు కదండీ. మరి తేడా ఎక్కడ?

నా జవాబు: నిజమే మాస్టారూ, పక్కన కూర్చుని చూసేవాళ్లకి రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా లోపలికి వెళ్లాక. మూలకణాలు మజ్జలో పాతుకుంటాయి. ఈ తెల్ల కణాలు కొద్ది గంటల్లోనే ఖర్చయిపోతాయి, అందుకే రోజు విడిచి రోజో, రోజూనో ఎక్కిస్తారు. నిల్వ ఉంచడానికీ లేదు, తీసిన 24 గంటల్లోపు వాడేయాలి. దాతగా వెళ్లిన మా బావకి ముందురోజు ఇంజెక్షన్ చేసి, మర్నాడు రెండు మూడు గంటలు మెషిన్ మీద ఉంచారు. ఆ సంచికి రేడియేషన్ కూడా పెడతారు, అందులో కలిసి వచ్చే దాత లింఫోసైట్లు (ఇంకో రకం తెల్ల కణాలు) రోగి ఒంట్లో పెరిగి అతని కణాల మీద దాడి చేయకుండా. ఒకచోట పాతుకోవాలని ఇస్తారు, ఇంకోచోట పాతుకోకూడదని ఇంత జాగ్రత్త పడతారు. రెండిటికీ ఒకే పేరు పెడితే ఎలా?

శ్రీకాకుళం నుంచి ఒక చెల్లెలు: అన్నయ్యా, పాతుకోవడానికి మంచి మాటుంది. నాటిన నారు వేళ్లూని పచ్చబడితే ‘మూన తిరిగింది’ అంటాం.

నా జవాబు: ఎంత మంచి మాట చెప్పావమ్మా! వరసగా మూడు రోజులు న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు) 500 దాటాక డాక్టరుగారు ‘ఎన్‌గ్రాఫ్ట్ అయింది’ అన్నారు. అంటే ఏంటని అక్క అడిగితే నాకు తెలుగులో చెప్పడం రాలేదు. ఇప్పుడే ఫోన్ చేస్తాను.