ఊర్లె సర్కారు బడికి పైసలు, టీచర్ కోసం కొట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె?

పాలమూరు_పోరడు:

అన్నలకు అక్కలకు నమస్తే. పోస్టు జర పొడుగున్నది, ఓపికతోని చదవుండ్రి.

మాది పాలమూరు దిక్కు చిన్న ఊరు. నేను ఐదో తరగతి దాక చదివిన ప్రైమరీ బడిలనే ఇప్పుడు మా అక్క బిడ్డ మూడో తరగతి చదువుతుంది. మొన్న పండుగకు ఊరికి పోయి, ఊకె చూసొద్దామని బడికి పోయిన. 38 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక్కతే మేడం. ఇంకో సార్ పోస్టు ఉన్నది కానీ ఆయన్ని డిప్యుటేషన్ మీద వేరే బడికి పంపిండ్రట, ఏడాదిన్నర అయింది, మళ్ల రాలె. మేడం ఒక దిక్కు చిన్న పిల్లలతోని అక్షరాలు దిద్దించుకుంట, ఇంకో దిక్కు ఐదో తరగతోళ్లకు భాగాహారాలు ఇచ్చి, నడుమల ఫోన్ పట్టుకోని అటెండెన్స్ ఎక్కిస్తుంది, అంతల్నే వంటామె వచ్చి మేడం నూనె అయిపోయింది అంటది. నేను అరగంట కూసున్న, ఆ అరగంటల ఒక్క లెక్క పూర్తి కాలె.

బాత్రూంలు రెండున్నయి. ఒకదానికి తాళం, ఇంకోదాంట్ల నీళ్లు రావు. మా మేనకోడలు పొద్దున బడికి పోయేముందు నీళ్లు తాగదట, మా అక్క చెప్పింది. సాయంత్రం ఇంటికి రాంగనే బ్యాగు వాకిట్లనే పడేసి ఒకటే ఉరుకుడు. ఎనిమిదేండ్ల పిల్ల అన్నా.

బడి గోడ మీద "పాఠశాలకు వచ్చిన నిధులు" అని పెయింటుతోని గళ్లు కొట్టిండ్రు. అండ్ల 2019 లెక్క ఉన్నది. దాని కింద గళ్లన్నీ ఖాళీ.

మా బ్యాచోళ్ల వాట్సాప్ గ్రూపుల, తలా ఇంత వేసుకోని రంగులు వేపిద్దాం, నాలుగు బెంచీలు కొనిద్దాం అంటున్నరు. వాళ్ల మనసు మంచిదే, కానీ నాకెందుకో మనసొప్పుతలేదు. సర్కారు నుంచి ఎన్ని పైసలు వస్తున్నయి, ఏమైతున్నయి, ఆ సార్ ఎందుకు రాలె, ముందుగాల ఇది అడగాలె కద? ఎవర్ని అడగాలె, ఎట్ల అడగాలె? ధర్నా గిట్ల చేస్తే తిరిగి తిరిగి ఆ మేడం మీదికే వస్తదని భయమున్నది. ఆమె మంచిది.

సుద్దముక్క:

బాబూ, నేను 31 ఏళ్లు పనిచేసి హెడ్‌మాస్టర్ (హెచ్ఎం)గా రిటైరైనవాణ్ణి. నీ ప్రశ్న చివర్లో రాసిన భయం ఉంది చూడు, దాన్ని పట్టుకొని ఉండు. ఊళ్లోవాళ్లకి కోపం వస్తే కనపడేది ఆ ఒక్క మేడమే. బడికి వస్తున్న టీచర్ని నిలదీస్తారు, రాని టీచర్ గురించి అడగరు, ఎందుకంటే రానివాడు ఎదురుగా ఉండడు కదా.

లెక్కకొద్దాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని అందులోనే రాసి ఉంది. మీ దగ్గర 38 మంది. అంటే రెండో టీచర్‌ని మీరు ఎవరి కాళ్లో పట్టుకొని అడగక్కర్లేదు, చట్టం ఇచ్చిందే అడుగుతున్నారు.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష అనే పథకం కింద ప్రతి బడికీ ఖర్చులకని ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ వస్తుంది, కేంద్రం 60 రాష్ట్రం 40 శాతం. పిల్లల సంఖ్యను బట్టి శ్లాబులు. 30 మంది లోపైతే 10 వేలు, 100 లోపు 25 వేలు, 250 లోపు 50 వేలు. మీది 25 వేల శ్లాబు. కనీసం పదో వంతు శుభ్రతకే ఖర్చు పెట్టాలి. ఇది కాక తెలంగాణలో 2024 నుంచి పారిశుద్ధ్యానికి నెలనెలా విడిగా ఇస్తున్నారు, మీ సైజు బడికి నెలకి 6 వేలు. బాత్రూం కడగడానికి మనిషిని పెట్టుకోమనే ఆ డబ్బు. కరెంటు కూడా అదే ఏడాది టీచర్స్ డే నాటి ప్రకటనతో ఫ్రీ అయింది, కాబట్టి బిల్లు కట్టలేక మోటార్ వెయ్యట్లేదు అనే మాట ఇప్పుడు చెల్లదు.

అయితే ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. నా సర్వీసులో గ్రాంటు జూన్‌లో చేతికొచ్చిన గుర్తు లేదు. సగం ఎప్పుడో వచ్చేది, మిగతా సగం ఫిబ్రవరి ఆఖర్లో, మార్చి 31 లోపు ఖర్చు చెయ్యకపోతే వెనక్కి. ఒక ఏడు అలాగే గాభరాగా మూడు బస్తాల బ్లీచింగ్ పౌడర్ కొన్నాను, రెండేళ్లు స్టోర్ రూంలో గడ్డకట్టింది. డబ్బు నేను తినలేదు, అయినా వృథానే కదా. ఇక బడి కమిటీ తీర్మానమంటావా, మినిట్స్ పుస్తకం ఒక పిల్లాడి చేతికిచ్చి చైర్మన్ ఇంటికి పంపేవాణ్ణి. ఆయన పొలంలో ఉంటే గట్టు మీదే సంతకం. ఏం రాసి ఉందో ఆయన ఏనాడూ చూళ్లేదు, నేను ఏనాడూ చదివి వినిపించలేదు.

అందుకే చెప్తున్నా, ముందు ఆ పుస్తకం తెరిపించండి. ఆ తర్వాత క్యాష్ బుక్. ఆ తర్వాత డిప్యుటేషన్ ఆర్డర్ కాపీ, అది మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో ఉండాలి. ఎవరు ఇచ్చారు, ఎన్నాళ్లకి ఇచ్చారు అనేది చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది.

ఇరానీ_చాయ్:

బ్రో అంతా బానే ఉంది కానీ ఒక్కటి అడుగుతా ఫీల్ అవ్వకు. నీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? మా ఊర్లో కూడా ఇలాగే మన బడి మన బడి అని మీటింగులు పెట్టారు, మైకు పట్టుకున్న ప్రతోడి పిల్లలూ పొద్దున ఏడున్నరకి ప్రైవేట్ స్కూల్ పసుపు బస్సు ఎక్కేవాళ్లే. ఊర్లో వాళ్లే అప్పు చేసి మరీ ప్రైవేట్‌కి పంపుతుంటే ఇంక సర్కారు ఎవరికి భయపడుద్ది చెప్పు.

పాలమూరు_పోరడు:

నిజమే అన్నా, దాచేదేముంది. నా బిడ్డ హైదరాబాద్‌ల ప్రైవేట్ బడిల ఎల్‌కేజీ, ఫీజు 55 వేలు. అందుకే ముందట నిలబడి మాట్లాడాలంటే నాకే సిగ్గయితది. మా అక్కకు ఆ తాకత్ లేదు, ఆమె బిడ్డకు ఆ బడే దిక్కు. నేను కాయితాలు రాసిచ్చుడు, ఆఫీసులకు తిరుగుడు చేస్త, మాట్లాడేది వాళ్లే మాట్లాడాలె అనుకుంటున్న.

మూడో_క్లాసోడి_అమ్మ:

తమ్ముడూ నువ్వు అనుకున్నదే కరెక్టు, తల్లులు మాట్లాడాలె. నేను మా ఊరి బడి కమిటీ, అదే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ (ఎస్‌ఎంసీ) చైర్మన్‌ని, నల్లగొండ దిక్కు. పైన సార్ చెప్పిన పొలం గట్టు సంతకం కథ చదివి నవ్వొచ్చింది, ఏడుపు కూడ వచ్చింది, ఎందుకంటే మొదటి ఏడాది నేను కూడ గట్లనే పెట్టిన. పుస్తకం తెచ్చేది నా కొడుకే!

చట్టం ప్రకారం కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లు ఉండాలె. మాకు తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటరు. పేర్లు కాయితం మీద బానే ఉంటయి, మీటింగ్ పెట్టేదే పొద్దున పదకొండింటికి. ఆ టైముకి మేము కలుపు తీతకు పోతం, ఎవరొస్తరు? మేము ఏం చేసినమంటే రాత్రి ఏడున్నరకు, అన్నాలు తిన్నంక, బడి ముందర వేపచెట్టు కాడ కూసున్నం. మొదటిరోజు ఆరుగురమే వచ్చినం. నాలుగోసారికి జాగ సరిపోలె.

ఆ మీటింగుల ఒక్కటే తీర్మానం రాసినం, "మా బడికి మంజూరైన పోస్టులు ఎన్ని, ఇప్పుడు పనిచేసేటోళ్లు ఎంతమంది, తేడా ఎందుకు". మేడం గురించి ఒక్క మాట రాయలె. కింద ప్రతి తల్లి సంతకం, పక్కన పిల్ల పేరు, తరగతి. వేలిముద్రలు కూడ ఉన్నయి. దాన్ని పట్టుకోని సోమవారం కలెక్టరేట్ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయినం. ఫస్ట్ సోమవారం తీసుకోని రసీదు నంబర్ ఇచ్చిండ్రు. రెండోసారి పోతే "పంపినమమ్మా డీఈవో ఆఫీసుకు" అన్నరు, అంటే జిల్లా విద్యాధికారి ఆఫీసు. మూడోసారి 14 మందిమి పోయినం, పిల్లల్ని కూడ తోలుకపోయినం, వాళ్లు అక్కడ బల్లల కింద ఉరుకుతుంటే ఆఫీసోళ్లకు తిక్క లేసినట్టున్నది. పదిహేను రోజులకు సార్ వచ్చిండు.

కానీ బాత్రూం మాత్రం ఇంకా తెమలలే, ఉన్నదున్నట్టు చెప్పాలె కద. ఎందుకంటే పారిశుద్ధ్యం పైసలు ఎస్‌ఎంసీకి రావు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి వస్తయి, దానికి చైర్‌పర్సన్ మహిళా సంఘం గ్రామ సమాఖ్య ప్రెసిడెంట్. నన్ను అడిగితే ఆమె దిక్కు చూపిస్త, ఆమెను అడిగితే హెచ్ఎం దిక్కు చూపిస్తది, హెచ్ఎం పైసలు పడలె అంటడు. మూడు నెలలకు ఒకసారి పడుతున్నయి, అప్పటి దాక కడిగే ఆమెకు జీతం ఎవరియ్యాలె? ఆమె రెండు నెలలు చూసి మానేసింది. మీ దగ్గర తాళం కథ కూడ గిట్లాంటిదే అయి ఉంటది, జర కనుక్కో.

బాపట్ల_గాలి:

మాది ఆంధ్రా సైడు, మా అనుభవం కూడా రాస్తా. 2019 నవంబర్ 14న సర్కారు బడులు బాగుచేసే నాడు నేడు పథకం మొదలైంది, మొదటి విడత 15,715 బడులు. మా బాబాయి పేరెంట్స్ కమిటీలో ఉండేవాడు. డబ్బు కమిటీ ఖాతాలోకే వచ్చేది, సిమెంటు దింపినా ఇసుక దింపినా వీళ్లే నిలబడి లెక్కెట్టుకోవాలి, కాంట్రాక్టర్ లేడు. గొడవలు పడ్డారు, కమిటీలో పార్టీ మనుషులు దూరిన ఊళ్లూ ఉన్నాయి, అదీ నిజమే. కానీ మా బడిలో మాత్రం టాయిలెట్‌కి ఏ కంపెనీ కుళాయి వేశారో మా పిన్ని దగ్గర్నుంచి చెప్పగలదు, అంత పట్టు వచ్చింది. రెండో విడత చాలా చోట్ల సగంలో ఆగింది, స్లాబు వెయ్యని పిల్లర్లు ఇప్పటికీ కనపడతాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. బిల్డింగ్ బాగుపడ్డాక 2022లో జీవో 117 వచ్చింది, 3, 4, 5 తరగతుల్ని కిలోమీటర్ లోపు హైస్కూల్లో కలిపేశారు. మా దగ్గర కొత్తగా టైల్స్ వేసిన బడిలో ఒకటి రెండు తరగతులే మిగిలాయి, ఏడెనిమిదేళ్ల పిల్లలు మెయిన్ రోడ్డు దాటి వెళ్లాలి, ఇసుక లారీలు తిరిగే రోడ్డు అది. తల్లులు వారం పాటు పిల్లల్ని పంపలేదు, గేటుకి తాళం వేశారు. ఆ ఏడు చాలా జిల్లాల్లో ఇదే గొడవ. చివరికి ఆ జీవో 2025లో పోయింది, కానీ ఈ మధ్యలో మా ఊరి పిల్లలు ఓ పాతిక మంది ప్రైవేట్‌కి వెళ్లిపోయారు, జీవో పోయింది కదా అని వాళ్లు తిరిగిరాలేదు. కాబట్టి రంగులు, బెంచీల కంటే ముందు టీచర్ పోస్టు పట్టుకో. పోస్టు పోతే పిల్లలు పోతారు, పిల్లలు 30 కంటే తగ్గితే సార్ చెప్పిన శ్లాబు ప్రకారం గ్రాంటు కూడా 25 నుంచి 10 వేలకి పడిపోద్ది.

డాలస్_మావయ్య:

అందరి పోస్టులూ చదివా. నేను నెలకి ఒక పదివేలు పంపగలను, దాంతో ఊర్లో డిగ్రీ చదివిన అమ్మాయినెవరినైనా టీచర్‌గా పెట్టుకోవచ్చు కదా? ఆఫీసుల చుట్టూ తిరిగేలోపు పిల్లల ఏడాది పోతుంది.

సుద్దముక్క:

మావయ్య గారూ, మంచి మనసు, కాదనను. కానీ నేను చూసింది చెప్తా. దాతలు పెట్టిన వాలంటీర్ ఉన్న బడికి రెగ్యులర్ టీచర్‌ని వెయ్యమని అడగడానికి వెళ్తే "మీకు మనిషి ఉన్నారుగా, అసలు ఎవరూ లేని బడి చూసుకోనివ్వండి" అన్నారు. తప్పని కూడా అనలేం, వాళ్లకున్నది వేలెడంత మంది.

మూడో_క్లాసోడి_అమ్మ:

సార్ మీరు చెప్పింది కరెక్టే గానీ మూడో తరగతి పిల్లకు ఈ ఏడాది మళ్ల రాదు కద. మా ఊర్లె సార్ వచ్చేదాక నాలుగు నెలలు మా మరదలే పోయి కూసున్నది, ఊకెనే. ఆ నాలుగు నెలలు లేకపోతే నా కొడుకుకు ఎక్కాలు రాకపోతుండె. పెట్టుకోండ్రి, కానీ తీర్మానంల "తాత్కాలికంగా, పోస్టు భర్తీ అయ్యే వరకు" అని రాసి పెట్టుకోండ్రి, అప్పుడు ఆ కాయితమే మీకు సాక్ష్యం అయితది.

సుద్దముక్క:

ఆ మాట రాయించడం నాకు తట్టలేదమ్మా. అయినా నా అనుమానం నాకుంది, ఉంటుంది.

పాలమూరు_పోరడు:

అందరికి మస్తు థ్యాంక్స్. పోయిన ఆదివారం మళ్ల ఊరికి పోయొచ్చిన, అప్‌డేట్ రాస్తున్న.

మేడంని కమిటీ లిస్టు అడిగితే మొహం తేలికైనట్టు అయింది, మీరన్న అడగుండ్రి సార్ నేను అడిగితే నన్నే డిప్యుటేషన్ వేస్తరు అన్నది. పుస్తకం తీసి చూపించింది. మూడో తరగతి నుంచి మెంబర్ ఎవరో తెలుసా, మా అక్కనే! ఆమెకే తెల్వదు. ఎప్పుడో బియ్యం సంతకం అనుకోని పెట్టిందట. ఇప్పుడు ఇంట్ల మెంబరమ్మా మెంబరమ్మా అని పిలుస్తున్నం, బావ కూడ.

తాళమేసిన బాత్రూం తీపిచ్చినం. లోపల విరిగిన కుర్చీలు, పాత పుస్తకాల కట్టలు, ఎలక్షన్లప్పుడు ఓటర్ల కోసం కట్టిన కట్టెలు. నల్లా పైపు కొత్తగనే ఉన్నది, నీళ్లు ఒక్కరోజు పోయినట్టు లేదు. బ్లీచింగ్ పౌడర్ మాత్రం దొరకలె సార్.

డిప్యుటేషన్ ఆర్డర్ కాపీకి ఎంఈవో ఆఫీసుల సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు వేస్తున్నం, మండలం లెవెల్‌ల ఐదు రూపాయలే ఫీజట, 30 రోజులల్ల జవాబియ్యాలె. అక్క పేరు మీదనే వేస్తున్నం. తొమ్మిది మంది తల్లులు సంతకాలు పెట్టిండ్రు, ఇంకో ఇరవై ఇండ్లు తిరగాలె. మా బ్యాచోళ్లు రంగుల పైసలల్ల నుంచి ఆటో కిరాయి, జిరాక్స్ ఖర్చులు ఇస్తమన్నరు, ఒకడు మాత్రం అలిగి గ్రూపుల నుంచి ఎగ్జిట్ అయిండు.

అక్కా ఒక్కటి చెప్పు, ప్రజావాణికి పోయేటప్పుడు తీర్మానం ఒరిజినల్ పుస్తకమే పట్టుకపోయిండ్రా, జిరాక్స్ సరిపోతదా? మేడం పుస్తకం బయటికి ఇయ్యాలంటే భయపడుతుంది.

మూడో_క్లాసోడి_అమ్మ:

జిరాక్సే తమ్ముడూ. పుస్తకం గడప దాటొద్దు. రెండు కాపీలు పట్టుకపో, ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద ముద్ర వేపిచ్చుకో. పొద్దున తొమ్మిదిన్నరకే పోండ్రి, తర్వాత లైను చాంతాడంత అయితది. పిల్లలకు బిస్కెట్లు పట్టుకపో.