సంతమసం: మబ్బా, చీకటా?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: "భారతదేశం పేరు పెట్టిన గ్రహం 'సంతమస' అట. సంస్కృతంలో 'మేఘాలు కమ్మినది' అని అర్థం చెప్తున్నారు. నిజమేనా?" ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు గ్రహం సంగతి. హెచ్‌డి 86081 అనే నక్షత్రం మనకు సుమారు 340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ తిరిగే గ్రహాన్ని 2006లో కనుక్కున్నారు. 2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఒక్కో దేశానికి ఒక నక్షత్రాన్నీ దాని గ్రహాన్నీ ఇచ్చి పేర్లు పెట్టమంది. భారతదేశానికి వచ్చిన జంట ఇది. నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీద 'బిభ' అని, గ్రహానికి 'సంతమస' అని పెట్టారు. గ్రహం వాతావరణం మబ్బులతో నిండి ఉంటుందని, అందుకే ఆ పేరు అని వివరణ ఇచ్చారు.

ఇప్పుడు మాట సంగతి. అమరకోశం చీకటి గురించి చెబుతూ మూడు మాటలను పక్కపక్కనే పెట్టింది: "ధ్వాంతే గాఢేఽంధతమసం క్షీణేఽవతమసం తమః, విష్వక్ సంతమసం". గాఢమైన చీకటి అంధతమసం. పలచబడిన చీకటి అవతమసం. నలుదిక్కులా పరుచుకున్న చీకటి సంతమసం. ఈ మూడూ నిజంగా తోబుట్టువులే. అవ, సమ్, అంధ అనే వాటి తర్వాత 'తమస్' వస్తే అది 'తమస' అని అకారంతో ముగుస్తుందని పాణిని మూడింటికీ కలిపి ఒకే సూత్రం చెప్పాడు: "అవసమంధేభ్యస్తమసః". ఇందులో మేఘం ప్రసక్తి ఎక్కడా లేదు. మాటకు అర్థం చీకటే.

అంతమాత్రాన పేరు తప్పిందని నేను అనను. చీకటి అన్న అర్థంలోనే ఈ పేరు ఆ గ్రహానికి ఇంకా బాగా కుదురుతుంది. ఎందుకో చెప్తాను.

సంతమస బరువు తక్కువలో తక్కువ మన గురుగ్రహానికి ఒకటిన్నర రెట్లు. బుధుడు సూర్యుడికి ఎంత దూరంలో ఉన్నాడో, ఇది తన నక్షత్రానికి అందులో సుమారు పదో వంతు దూరంలోనే ఉంది. బుధుడికి ఒక చుట్టుకు 88 రోజులు పడితే దీనికి రెండు రోజుల మూడు గంటలు చాలు. ఇలాంటి వాటిని వేడి గురుళ్ళు అంటున్నారు. 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో అనే ఖగోళ శాస్త్రవేత్తలు కనుక్కున్న 51 పెగాసి బి ఈ జాతిలో మొదటిది. అంత దగ్గరగా తిరిగే గ్రహాన్ని నక్షత్రం గురుత్వం పట్టి ఉంచుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు ఉంటుంది. అక్కడ ఒక సగం శాశ్వతంగా పగలు, రెండో సగం శాశ్వతంగా రాత్రి.

పగటి సగం ధగధగా మెరుస్తుందని అనుకుంటాం. కానీ వేడి గురుళ్ళలో చాలా వాటిమీద పడ్డ వెలుగు తిరిగి రాదు. మన గురుడు తనమీద పడ్డ కాంతిలో సుమారు సగాన్ని వెనక్కి పంపుతాడు, పైనున్న అమోనియా మేఘాల వల్ల. వెయ్యి డిగ్రీలు దాటిన చోట అమోనియా మేఘం కట్టదు. పైగా అక్కడి గాలిలో ఆవిరిగా ఉన్న సోడియం, పొటాషియం కంటికి కనబడే కాంతిని మింగేస్తాయి. హెచ్‌డి 209458 బి అనే గ్రహం వాతావరణంలో సోడియంను హబుల్ టెలిస్కోప్ పట్టుకుందని 2001లోనే ప్రకటించారు. ట్రెస్-2బి అనే ఇంకో గ్రహం ఒక శాతం కాంతిని కూడా వెనక్కి పంపదని 2011లో లెక్క తేలింది. బొగ్గు కంటే నలుపు అన్నమాట. ఎదురుగా నిప్పులు చెరిగే నక్షత్రం ఉన్నా తాను నల్లగా ఉండే గ్రహం! దాన్ని సంతమసం అనడం కంటే మంచి మాట నాకు తోచడం లేదు.

వ్యాఖ్య: అయితే మబ్బుల మాట పూర్తిగా తప్పేనా అండీ?

జవాబు: తప్పు కాదండీ. మాటకు ఆ అర్థం లేదు, అంతే. వేడి గురుళ్ళ మీద మబ్బులు నిజంగానే ఉన్నాయి, కాకపోతే నీళ్ళ మబ్బులు కావు. వాస్ప్-17బి అనే వేడి గురుడి మేఘాల్లో క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) స్ఫటికాలు ఉన్నట్టు జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరిశీలనల్లో 2023లో తేలింది. వాస్ప్-43బి అయితే ఇంకా ఆసక్తికరం. దాని పగటి వైపు సుమారు 1250 డిగ్రీల సెల్సియస్, రాత్రి వైపు సుమారు 600. ఆ రాత్రి సగాన్నే దట్టమైన మబ్బులు కప్పి ఉన్నాయని 2024లో చెప్పారు. చీకటి ఉన్న చోటే మబ్బు కూడా ఉంది.

వ్యాఖ్య: రాత్రి సగం ఎప్పటికీ రాత్రే కదా, 'అంధతమస' అని పెట్టాల్సింది.

జవాబు: నాకూ మొదట అదే తోచింది. కానీ ఏ వస్తువైనా దాదాపు 525 డిగ్రీల దగ్గర మసక ఎరుపుగా కనబడడం మొదలుపెడుతుంది. 600 డిగ్రీల రాత్రి మరి గాఢాంధకారం ఎలా అవుతుంది? అమరకోశం లెక్కన అది అవతమసం. కాబట్టి 'సమ్' ఉన్న మాటే క్షేమం.

వ్యాఖ్య: తెలంగాణలో 'మబ్బుల లేచినం' అంటే తెల్లారకముందు చీకట్లో లేచామని. మేఘమూ మబ్బే, చీకటీ మబ్బే.

జవాబు: ఎంత మంచి మాట గుర్తు చేశారండీ! సంస్కృతం రెండు మాటల్లో చెప్పేదాన్ని మన మబ్బు ఒక్కటే చెప్పేస్తోంది. ఆ వివరణ రాసినవాళ్ళ మనసులో ఉన్నదీ, కోశంలో ఉన్నదీ తెలుగులో ఒకే మాటలో ఇమిడిపోతాయి.

వ్యాఖ్య: 'వేడి గురుడు' దుష్టసమాసం (తెలుగు, సంస్కృత మాటలను కూడని రీతిలో కలపడం) కాదా? 'ఉష్ణ గురుడు' అనాలేమో.

జవాబు: రెండూ సరే. గురుడు 'డు' చేరి తెలుగైపోయిన తత్సమం. దానికి ముందు వేడి చేరితే మిశ్ర సమాసం అవుతుంది, అందులో దోషం లేదు. చదివేవాళ్ళకు వేడి తగులుతుంది కాబట్టి నా ఓటు దానికే.

వ్యాఖ్య: నక్షత్రాన్ని 'విభ' అని రాయొచ్చా? పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాలు చూసి గ్రహాన్ని 'శాంతమస' అనుకున్నాను కూడా.

జవాబు: సంస్కృతంలో అది విభే, వెలుగు అని అర్థం. బెంగాలీలో 'వ' పలకదు కాబట్టి బిభ అయింది. కానీ ఇక్కడ అది ఒక వ్యక్తి పేరు, ఆవిడ పేరు ఎలా ఉందో అలాగే 'బిభ' అని రాయండి. గ్రహం పేరులో 'శ' లేదు, దీర్ఘం లేదు. విడిగా రాసేటప్పుడు 'సంతమసం', ఇంకో మాటతో కలిపితే 'సంతమస గ్రహం'.