ఒక్క సీజన్ పేపర్లను మన నేలల జర్నల్ తీసుకోవాలా, వద్దా?

ఎర్రచెల్క (మహబూబ్‌నగర్):
మాది చిన్న జర్నల్. నేలల శాస్త్రం మీద ఏడాదికి నాలుగు సంచికలు వస్తాయి, ఒక సొసైటీ నడుపుతుంది. అందులో ఉన్న ఎడిటర్లలో నేనొకణ్ణి, ఎవరికీ జీతం లేదు. వచ్చే నెల బోర్డు మీటింగులో ఒక ప్రతిపాదన పెట్టాలనుకుంటున్నాను. ఒకే సీజన్, ఒకే చోట చేసిన ఎరువుల ప్రయోగాల పేపర్లను రివ్యూకి (బయటి నిపుణుల పరిశీలనకు) పంపకుండానే వెనక్కి పంపేయాలి అని. ఇక్కడ కాలేజీల వాళ్లూ, రైతులూ ఉన్నారు కాబట్టి ముందు మీ మాట వినాలని రాస్తున్నాను.

నా కారణం ఇది. పాలమూరులో సగటు వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు అంటాం, కానీ ఆ సగటు ఏ ఏడూ కురవదు. ఒక ఏడు విత్తనం పడ్డాక నెల దాటినా చినుకుండదు, ఇంకో ఏడు కంది పూత మీదున్నప్పుడు చేనంతా నీళ్లు నిలుస్తాయి. చెల్కలో, అంటే ఎర్ర ఇసుక నేలలో, వాన ఆగిపోతే వేసిన యూరియా పంటకు అందదు, ఎక్కువ పడితే వేళ్లకు దొరక్కుండా కిందికి దిగిపోతుంది. అలాంటప్పుడు ఒక్క ఖరీఫ్ లెక్క చూసి హెక్టారుకు ఇన్ని కిలోల నత్రజని మేలు అని రాస్తే, అది నేల సంగతా, ఆ ఏటి వాన సంగతా?

నిరుడు జరిగింది చెప్తాను. ఆముదం మీద ఒక పేపర్ వచ్చింది, ఏడు ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే ఎరువుల రకాలు), మూడు రెప్లికేషన్లు (ఒక్కోదాన్ని మూడు బ్లాకుల్లో, బ్లాకుకు ఒక మడి చొప్పున వేయడం). రాత బాగుంది, ఇద్దరు రివ్యూయర్లూ ఓకే అన్నారు. నాకెందుకో మనసు ఒప్పక మడివారీ లెక్కలు అడిగాను. ఎక్సెల్ షీటు తెరిచి చూస్తే మూడో బ్లాకులో మూడు మడుల్లో పొటాష్ మిగతా మడులకు దాదాపు రెట్టింపు ఉంది, అదీ ఎరువు వేయకముందు తీసిన నమూనాల్లోనే. పేపర్ రాసిన అమ్మాయి పొలం యజమానిని అడిగితే బయటపడింది, ముందటి ఎండాకాలంలో ఆ మూలకు ఎరువు కోసం వారం రోజులు గొర్ల మంద కట్టించారట. అన్నిటికన్నా మంచి దిగుబడి చూపిన ట్రీట్‌మెంట్ మడి ఒకటి సరిగ్గా అక్కడే పడింది. పేపర్ వాపస్ తీసుకున్నారు. అది అచ్చయి ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలడం లేదు.

పీజీ_రెండో_ఏడు:
సార్, నమస్తే. నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేస్తున్నాను, నేలల శాస్త్రమే. మీ బాధ అర్థమైంది కానీ మా సంగతి కూడా చూడండి. కోర్సు రెండేళ్లు. మొదటి ఏడు క్లాసులకు పోతుంది, టాపిక్ ఖాయమై పొలం చేతికొచ్చేసరికి మిగిలేది ఒక్క ఖరీఫో ఒక్క రబీనో. రెండో సీజన్ చేద్దామన్నా మడి ఇంకొకరికి ఇచ్చేస్తారు, కూలీల డబ్బు ఉండదు. పీహెచ్‌డీ సీటుకైనా ఉద్యోగానికైనా పేపర్ కావాలి, అది కూడా నాస్ స్కోరు (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ జర్నళ్లకు ఇచ్చే మార్కు) ఉన్న జర్నల్‌లో కావాలి.

మీరు తలుపు మూస్తే మేం రాయడం మానేస్తామా? డబ్బు కట్టించుకుని నాలుగు రోజుల్లో యాక్సెప్ట్ అని మెయిల్ పంపే పత్రికలు రోజూ మా ఇన్‌బాక్స్‌లోనే ఉంటాయి. అక్కడ గొర్ల మంద గురించి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు సార్. ఆ అమ్మాయికి జరిగింది నాకు జరిగి ఉంటే నేను ఏడ్చేవాణ్ణే, కానీ అలా అడిగిన మనిషి ఒకరున్నారని తర్వాత సంతోషించేవాణ్ణి.

బత్తాయి_తోట (నల్లగొండ):
నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు నాలుగెకరాల బత్తాయి ఉంది. ఎర్రచెల్క గారి మాటే నా మాట. ఇంకా గట్టిగా ఉండాలంటాను. బత్తాయి కాపుకు రావడానికే నాలుగైదేళ్లు, ఈ ఏడు వేసిన ఎరువు పని వచ్చే ఏటి పూతలో కూడా కనిపిస్తుంది. దానిమీద ఒక్క సీజన్ చూసి జింకు ఇంత, బోరాన్ అంత అని రాస్తే ఎట్లా? నా ఉద్యోగంలో ఇట్లాంటి సిఫార్సు కాగితాలు పట్టుకుని ఊళ్లు తిరిగాను. రైతు నన్ను నమ్మి కొన్నాడు. రెండో ఏడు నా మొహం చూసి ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే నాకు గుచ్చుకుంది. పిల్లల ఇబ్బంది నిజమే బాబూ, కానీ ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి.

బ్లాకు_డిజైన్:
ఎర్రచెల్క సార్, ఒక మాట సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీరు చెప్పిన గొర్ల మంద సంగతి మీ ప్రతిపాదనకు సాక్ష్యం కాదు. అదే మడుల్లో రెండో ఏడు, మూడో ఏడు చేసినా ఆ మూల మడులు ముందే బలంగా ఉన్నాయి కాబట్టి అదే తప్పు జవాబు, కాకపోతే ఈసారి మరింత ధీమాగా వచ్చేది. తప్పు బయటపడింది రెండో సీజన్ వల్ల కాదు కదా. మీరు మడివారీ లెక్కలు అడిగారు, పొలం వెనకటి కథ అడిగారు, అందుకు బయటపడింది. మరి ఆ రెండింటినీ తప్పనిసరి చేయకుండా సీజన్ల మీద ఎందుకు పడ్డారు?

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ఎన్ని చెల్కల్లో చెరువు మట్టి తోలారో మీకు తెలుసు. ట్రాక్టర్లు పోసిన చోట ఒకలా, పోయని చోట ఒకలా. పేపర్‌లో మాత్రం 'ఎర్ర ఇసుక నేల' అని ఒక్క ముక్క.

లెక్కల అశ్రద్ధ ఇంకో సంగతి. సేంద్రియ కర్బనాన్ని రసాయనంతో కాల్చి కొలిచే వాక్లీ బ్లాక్ పద్ధతిలో చేస్తారు, 1934 నాటిది. అందులో కర్బనం అంతా కాలదు, సగటున 77 శాతమే లెక్కకొస్తుందని 1.3తో గుణించడం ఒక ఆనవాయితీ. కొందరు గుణిస్తారు, కొందరు గుణించరు, ఏం చేశారో చాలామంది రాయరు. ఒకే మట్టి ఒక పేపర్‌లో 0.42 శాతం, ఇంకో దాంట్లో 0.55. మన మట్టి పరీక్ష కార్డుల లెక్కలో 0.5 లోపు తక్కువ, దాటితే మధ్యస్థం. మట్టి మారలేదు, వర్గం మారిపోయింది! భాస్వరం సంగతీ అంతే, 'పి' (ఉత్త భాస్వరం) అని రాశారా పీటూఓఫైవ్ (దాని ఆక్సైడ్) అని రాశారా అన్నది తేల్చకపోతే 2.29 రెట్లు తేడా. ఇవి పట్టుకోవడానికి మూడేళ్లు అక్కర్లేదు, పేపర్ రాగానే పది నిమిషాలు కూర్చుంటే చాలు.

ఎర్రచెల్క:
బ్లాకు డిజైన్ గారూ, ఏమీ అనుకోలేదు. రాత్రి రెండుసార్లు చదివాను మీ పోస్టు. నేను రెండు వేర్వేరు జబ్బులకు ఒకే మందు రాశాను, ఒప్పుకుంటున్నాను.

అయినా సీజన్ సంగతి పూర్తిగా వదల్లేను. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) 1970లో మొదలుపెట్టిన దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు చూడండి, మన జగిత్యాలలోనూ ఒక కేంద్రం ఉంది. హిమాచల్‌లోని పాలంపూర్‌లాంటి ఆమ్ల నేలల్లో నత్రజని ఒక్కటే వేస్తూ పోయిన మడుల్లో దిగుబడి ఏళ్లు గడిచేకొద్దీ పడిపోయి చివరికి పంటే రాని స్థితికి వచ్చింది. మొదటి పంట చూసి పేపర్ రాసి ఉంటే నత్రజని బ్రహ్మాండం అని రాసేవాళ్లం. నేల నెమ్మదిగా జవాబు చెప్తుంది. అందుకే ఒక్క సీజన్ పేపర్ చివర్లో 'రైతులకు ఇది సిఫార్సు చేయవచ్చు' అనే వాక్యం చూస్తే నాకు టెన్షన్. ఆ వాక్యాన్ని తీసేయించడమైతే నా చేతుల్లో ఉంది.

ఆలోచించి ఇట్లా మార్చాను. ఒక్క సీజన్ పని వస్తే వెనక్కి పంపం, 'చిన్న నివేదికలు' అని వేరే విభాగంలో వేస్తాం. నాలుగు పేజీలు దాటకూడదు. సిఫార్సు వాక్యం ఉండకూడదు. మడివారీ లెక్కలు, వారం వారం వాన, పొలం మూడేళ్ల చరిత్ర (ఏ పంట, మంద కట్టారా, చెరువు మట్టి తోలారా, పెంట ఎక్కడ పోసేవారు) జతచేయాలి. తేడా ఏమీ రాలేదన్న ఫలితమైనా తీసుకుంటాం. ఇప్పుడు తేడా రాని పనులు అల్మారాల్లోనే ఉండిపోతున్నాయి, ఇంకో విద్యార్థి అదే పని మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఇట్లాంటివి ఒకే రకం నేల మీద ఆరేడు చేరితే, వాటిని కలిపి చూసి పెద్ద పేపర్ ఎవరైనా రాయొచ్చు.

బత్తాయి_తోట:
పంటలకైతే సరే అంటాను. తోటలకు మాత్రం ఒప్పుకోను. పండ్ల చెట్ల మీద మూడు కాపుల కన్నా తక్కువ ఏదీ, చిన్న నివేదికగానైనా, వేయకండి. చిన్న నివేదిక అని మీకు తెలుసు, పురుగుమందుల షాపులో ఆ కాగితం జిరాక్స్ తీసి గోడకు అంటించేవాడికి తెలియదు.

మట్టి_ల్యాబ్_పాతకాపు:
ఆలస్యంగా వచ్చాను. నా అనుమానం మనుషుల దగ్గర. మడివారీ లెక్కలు జత చేయించారు సరే, వాటిని తెరిచి చూసేదెవరు? మీ దగ్గర ఇద్దరు రివ్యూయర్లూ ఓకే అన్నారని మీరే రాశారు. ఐరోపాలో భూశాస్త్రాల సంఘం నడిపే 'సాయిల్' అనే జర్నల్‌లో రివ్యూయర్ల వ్యాఖ్యలూ, రచయితల జవాబులూ అందరికీ కనబడేలా పెడతారు, రివ్యూయర్ కావాలంటే పేరు దాచుకోవచ్చు. నలుగురూ చదువుతారని తెలిస్తే రెండు లైన్లతో సరిపెట్టలేరు. మన దగ్గర అందరూ ఒకరికొకరు గురువులో శిష్యులో, పేరు బయటపెట్టమంటే ఎవరూ ముందుకు రారు, కాబట్టి పేరు వద్దు, వ్యాఖ్య మాత్రం పెట్టండి.

పీజీ_రెండో_ఏడు:
ఒక్క విన్నపం సార్. పొలం చరిత్ర అడిగే ఫారం పేపర్ పంపేటప్పుడు ఇస్తే మాకు ఆలస్యమైపోతుంది. అప్పటికి పంట కోసేసి ఉంటాం. ముందే దొరికితే మడులు గీసేముందే రైతును అడిగి, మంద కట్టిన మూలను వదిలేస్తాం. నా థీసిస్ పొలం వానాధారం చెల్క, నిన్న పోయి అడిగాను. తూర్పు గట్టు దగ్గర ఏడాది కింద పెంటకుప్ప ఉండేదట. మా మడుల లేఅవుట్‌లో అక్కడ ఒకటో బ్లాకు ఉంది. ఇంకా విత్తలేదు కాబట్టి మార్చుకుంటున్నాను.

ఎర్రచెల్క:
తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. ఫారం ఒక్క పేజీలో, తెలుగులో, రైతుకు చదివి వినిపించేలా రాసి ఆదివారం ఇక్కడే పెడతాను. బత్తాయి తోట గారూ, తోటలకు మూడు కాపుల నిబంధన మీ మాటగానే మీటింగులో పెడతాను, బోర్డులో ఇద్దరు ఎదురు చెప్తారని తెలుసు. రివ్యూ వ్యాఖ్యలు బయటపెట్టడం మీద నాకింకా నిర్ణయం లేదు, ఒక సంచికకు చేసి చూద్దామని అడుగుతాను. ఎరువు వేయకముందు తీసే నమూనా మాత్రం బ్లాకుకు ఒకటి సరిపోదు, మడికి ఒకటి తీయండి. ఖర్చవుతుందని తెలుసు. ఆ మూడు మడులు దొరికింది అట్లా తీశారు కాబట్టే.